విచ్చలవిడిగానా, స్వేచ్ఛగానా, బాజాప్తుగానా? ఏ మాట ఎక్కడ వాడాలో తేల్చుకోవడం ఎలా

డాలస్‌లో ఉండే మా అక్క కూతురికి పదకొండేళ్ళు, ఆదివారాలు తెలుగు బడికి వెళ్తుంది, అక్కడ అమ్మ గురించి పది వాక్యాలు రాసుకు రమ్మంటే "మా అమ్మ నన్ను విచ్చలవిడిగా పెంచింది" అని రాసింది. పాపం దాని తప్పేం లేదు, ఫోన్లో వెతికితే వచ్చిన మాట అది, పక్కన అర్థం 'ఫ్రీగా' అనే ఉంది. అక్క మాత్రం ఆ కాగితం చూసి బాగా నొచ్చుకుంది, రాత్రి నాకు ఫోన్ చేసి "నేను దాన్ని అట్లా పెంచానారా" అంది. ఆ తర్వాత మూడు ఆదివారాలు వీడియో కాల్‌లో కూర్చుని ఆ పిల్లకి నేను చెప్పిన పద్ధతే ఇది, ఇక్కడ పుట్టి పెరిగి రోజూ తెలుగులో స్టేటస్‌లు పెట్టేవాళ్ళకి కూడా పనికొస్తుందనిపించి మొత్తం రాస్తున్నా.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. స్వేచ్ఛగా, ఇష్టం వచ్చినట్టు, అడ్డం లేకుండా చేయడానికి మన దగ్గర పాతిక మాటల పైనే ఉన్నాయి, అవన్నీ ఒకదాని బదులు ఇంకోటి వాడుకునేవి కావు. ఒకటి మెచ్చుకుంటుంది, ఒకటి తిడుతుంది, ఒకటి మనిషిని వదిలేసి వాళ్ళింట్లో పెద్దల్ని తిడుతుంది. డిక్షనరీలో అర్థం చూస్తే ఈ తేడా తెలీదు. మాటని విప్పి చూడాలి.

మొదట: మాటలో ఏ తాడు దాక్కునుందో వెతకండి

ఈ మాటల్లో చాలావరకు కొట్టంలోంచి, పొలంగట్టు మీంచి వచ్చినవి. సరిగ్గా చూస్తే దాదాపు ప్రతిదాన్లో ఏదో ఒకటి 'లేదు' అని ఉంటుంది, పగ్గం లేదు, కళ్ళెం లేదు, అడ్డు లేదు, హద్దు లేదు. అంటే ఉండాల్సింది ఒకటుంది, అది ఇప్పుడు లేదు అని చెప్తున్నామన్నమాట. ఆ లేనిది ఏంటో పట్టుకుంటే మాట ఎక్కడ అతుకుతుందో మీకే తెలిసిపోతుంది.

పగ్గం అంటే ఎద్దుని నడిపే తాడు, చేతిలో ఉన్నంతసేపే బండి మన మాట వింటుంది. అందుకే లోపల్నించి ఉప్పొంగే వాటికి పగ్గం బాగా అతుకుతుంది, "కూతురికి సీటొచ్చిందని తెలిసి ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు" అంటే ఎంత బావుంటుందో చూడండి, ఇందులో తిట్టు లేదు. కళ్ళెం గుర్రం నోట్లో ఉండేది కాబట్టి వేగానికి, ధరలకి, కోరికలకి, నోటికి వాడతాం. ముకుతాడు ఎద్దు ముక్కులోంచి తీసే తాడు, "పెళ్ళి చేస్తే ముకుతాడు పడుద్దిలే" అని పెద్దవాళ్ళు అంటుంటారు, ఇంటికొచ్చే అమ్మాయిని తాడుతో పోల్చడం నాకు ఎప్పుడూ నచ్చలేదు, నేనైతే వాడను. ఇక గుదిబండ, ఊరికే పొలాల మీద పడి పరిగెత్తే పశువు మెడకి కట్టే బరువు, పరిగెత్తబోతే కాళ్ళకి తగులుతుంది. దాన్నిప్పుడు అప్పులకీ ఈఎంఐలకీ వాడుతున్నాం.

సంస్కృతం నుంచి వచ్చిన గంభీరమైన మాటలు కూడా ఇదే దారి. విశృంఖలంలో ఉన్నది శృంఖల, గొలుసు. ఉద్దామంలో ఉన్నది దామం, అంటే తాడే, రోటికి కట్టేసిన పిల్లాడికి దామోదరుడనే పేరొచ్చింది ఆ దామం వల్లే. అనర్గళంలో ఉన్నది అర్గళం, తలుపు గడియ. పాత ఇళ్ళలో తలుపుకి అడ్డంగా వేసే కర్ర గడియ చూసినవాళ్ళకి ఇది వెంటనే తెలుస్తుంది, అది తీసేశాక తలుపు ఎట్లా తెరుచుకుంటుందో మాట అట్లా రావాలి, అందుకే అనర్గళంగా మాట్లాడతాం, చదువుతాం, పద్యాలు అప్పజెప్తాం, అంతే గానీ అనర్గళంగా తిరగం, అనర్గళంగా ఖర్చుపెట్టం.

నిరంకుశం దగ్గర కొంచెం ఆగండి, ఇది చాలామంది తప్పుగా వాడే మాట. అంకుశం మావటివాడి చేతిలో ఉండేది, ఏనుగుని ఆపడానికి. ఏనుగుకి కావాలి గానీ మేకపిల్లకి అంకుశం ఎందుకు? కాబట్టి ఈ మాట బలం ఉన్నవాడికే చెల్లుతుంది, అధికారం ఉండి ఆపే చెయ్యి లేనివాడికి. నిజాం పాలనకి నిరంకుశ పాలన అని పుస్తకాల్లో రాస్తారు, ఎందుకంటే 1948 సెప్టెంబర్ దాకా అక్కడ రాజుని ఆపే అంకుశం జనం చేతిలో లేదు. 'నిరంకుశాః కవయః' అని ఒక పాత మాట ఉంది, కవులకి అంకుశం లేదు, వ్యాకరణం కూడా వాళ్ళని ఆపదు అని, అక్కడ అది పొగడ్త, ఎందుకంటే కవిని ఏనుగుని చేసింది. మూడేళ్ళ పిల్లాడు గోడల మీద గీతలు గీస్తే నిరంకుశం అనకండి, వాడి చేతిలో ఉన్నది క్రేయాన్ ముక్క.

జంట మాటలు కూడా విడదీసి చూడండి. హద్దూ పద్దూ లేకుండా అంటాం, పద్దు అంటే లెక్కల పుస్తకంలో రాసుకునేది, అందుకే ఇది డబ్బు ఖర్చుకి చక్కగా సరిపోతుంది. అడ్డూ అదుపూ లేకుండా అంటే బయట ఆపేది లేదు, చేతిలో పట్టూ లేదు. జంకూ గొంకూ లేకుండా అంటే లోపలి భయం లేదు, ఇది ఎక్కువగా మెచ్చుకోలే. అయితే ఒక దొంగ జంకూ గొంకూ లేకుండా అబద్ధమాడాడు అని కూడా అనొచ్చు, అప్పుడు తిట్టంతా అబద్ధంలో ఉంది, ఈ మాటలో కాదు.

ఇప్పుడు అచ్చోసిన ఆంబోతు. సినిమాల్లో, సీరియళ్ళలో, ఇళ్ళల్లో పనీపాటా లేకుండా తిరిగే మగపిల్లలందరికీ పడే తిట్టు ఇది. అచ్చు అంటే ఏంటో తెలీకుండానే వాడేస్తున్నాం. ఆవు, పోతు కలిసి ఆబోతు, అదే నోట్లో ఆంబోతు అయింది. దేవుడి పేరు మీదనో, చనిపోయిన పెద్దల పేరు మీదనో ఒక కోడెదూడని ఎంచి, ఒంటి మీద త్రిశూలమో చక్రమో ముద్ర కాల్చి వదిలేసేవాళ్ళు. ఆ ముద్రే అచ్చు. ఇక దానికి కాడి లేదు, పలుపు (పశువుని కట్టేసే తాడు) లేదు, ఎవరి చేలో పడి మేసినా కర్రెత్తి కొట్టేవాళ్ళు లేరు, కొడితే పాపం. మామూలు గొడ్డు చేలో పడితే బందెలదొడ్డికి తోలుకెళ్ళేవాళ్ళు, తెలంగాణలో చాలాచోట్ల బంజరుదొడ్డి అంటారు, జరిమానా కట్టి విడిపించుకోవాలి, దానికి 1871 నాటి చట్టం కూడా ఉంది. ఆంబోతుని మాత్రం ఎవరూ అడగరు. చూశారా, ఈ తిట్టులో ఉన్నది కేవలం తిరగడం కాదు, మేసేది ఊరి చేను, అడిగే ధైర్యం ఊరికి లేదు. కాబట్టి ఉద్యోగం రాక లైబ్రరీ చుట్టూ తిరిగే కుర్రాణ్ణి అచ్చోసిన ఆంబోతు అంటే అన్యాయం, వాడు ఎవడి చేనూ మేయట్లేదు. ఎవరో పెద్దమనిషి పేరు చెప్పుకుని రోడ్డు మీద జనాన్ని బెదిరించే వాడికి వాడండి, అచ్చు సరిపోద్ది, పేరే వాడి ముద్ర.

తాడూ బొంగరం లేనివాడు అని ఇంకోటుంది, దాన్ని ఈ ఆంబోతు తిట్టుతో కలిపేయకండి. వాడికి ఇల్లూ వాకిలీ లేదు, ఆధారం లేదు అని దాని అర్థం. అది స్వేచ్ఛ కాదు, లేమి.

రెండోది: తాడుని ఏం చేశారో చూడండి, విప్పారా, తెంచారా, వదిలేశారా

ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, మా నాయనమ్మ దగ్గర చూసింది. పల్నాడులో వాళ్ళూరు, ఎండాకాలం సెలవులకి వెళ్తే పొద్దున్నే పాలు తీసే వేళకి నన్ను లేపేది. దూడని విప్పి తల్లి దగ్గర వదిలితే అది పొదుగుని నాలుగు కుమ్ములు కుమ్మి తాగడం మొదలుపెట్టేది, ఆవు చేపుకి రాగానే, అంటే పొదుగులోకి పాలు దిగగానే, దూడని లాగి పక్కన గుంజకి కట్టేసేది, పితకడం అయ్యాక మళ్ళీ విప్పేది. ఆ ముడి జారుముడి, వేలాడే కొసని రెండు వేళ్ళతో ఒక్కసారి లాగితే చాలు జర్రున ఊడొచ్చేది, కట్టిన చెయ్యే విప్పుతుంది కాబట్టి విప్పడానికి వీలుగానే కట్టేది. విప్పగానే ఆ దూడ తోక నిక్కబొడుచుకుని దొడ్డంతా మూడు చుట్లు తిరిగేది, గడ్డివాము దాకా ఉరికి, ఆగి, మళ్ళీ వెనక్కి తల్లి దగ్గరికే ఉరికొచ్చేది. ఒకసారి మాత్రం కుక్కలకి బెదిరి పలుపు తెంపుకుని పోయింది, మధ్యాహ్నానికి పక్కవాళ్ళ మిరపతోటలో దొరికింది, మెడకి జానెడు తాడు వేలాడుతూ, కొస పీచుపీచుగా రేగిపోయి, మెడ చుట్టూ రాసుకుని ఎర్రగా ఒరుసుకుపోయి. ఆ పీచు కొస నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది.

ఇప్పుడు మాటలు తీస్కోండి. మనసు విప్పి మాట్లాడాడు, నోరు విప్పి అడిగింది, గొంతు విప్పి పాడింది, రెక్కలు విప్పుకుంది. విప్పడం ఉన్నచోట గాయం లేదు, ఎవరికీ నష్టం లేదు, ఇవి ఎక్కడ వాడినా తప్పు పోవు. తెగడం ఉన్నచోట చూసుకుని వాడాలి. బరితెగించడం పక్కా తిట్టు, బరి అంటే గీత, చెడుగుడులో గీసేది, కోడిపందేలకి కట్టేది, ఆ హద్దుని తెంచుకుపోయాడని. తెగబడటం కూడా చెడుకే, దాడికి తెగబడ్డారు, దోపిడీకి తెగబడ్డారు. కానీ తెగువ, తెగింపు మంచి మాటలు, "తెగించి నీళ్ళలోకి దూకి పిల్లాణ్ణి కాపాడాడు" అంటాం, ఎందుకంటే అక్కడ తెగింది ప్రాణం మీద తీపి, ఆ తాడు వాడి సొంతం, తెంచుకునే హక్కు వాడిది. ఇక వదిలేయడం. గాలికొదిలేశారు, ఊరి మీద వదిలేశారు. ఈ మాటలు పైకి పిల్లవాడి గురించే ఉన్నా దెబ్బ తగిలేది పలుపు పట్టుకోవాల్సిన చేతికి. మా అక్కకి తగిలింది ఇదే. విచ్చలవిడిగా పెంచింది అంటే పెంచనే లేదు, వదిలేసింది అని వినపడింది అక్కకి.

మీరడం, మించడం ఇంకో రకం, మితిమీరడం, హద్దుమీరడం, శ్రుతిమించడం. ఇవి మోతాదు గురించి. పని మంచిదే గానీ ఎక్కువైంది అనుకున్నప్పుడు వాడండి, పెళ్ళిలో బావామరదళ్ళ వేళాకోళం శ్రుతిమించింది అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు, బరితెగించింది అంటే ఆ పెళ్ళి ఆగిపోద్ది.

మూడోది: తాడు ఎవరి చేతిలో ఉండేదో అడగండి

ఈ స్టెప్ దాటేసి రాస్తే నష్టం జరుగుతుంది, అందుకే గట్టిగా చెప్తున్నా. విశృంఖలం తిట్టు కదా, మరి దాస్య శృంఖలాలు తెంచుకున్నారు అని ఆగస్టు 15న మైకులో చెప్తే ఎందుకు చప్పట్లు కొడతాం? గొలుసు అదే. తేడా ఏంటంటే ఒకచోట గొలుసు ఉండటం న్యాయం అనుకుంటున్నాం, ఇంకోచోట గొలుసే అన్యాయం అంటున్నాం. అంటే ఈ మాటలు వాడేవాడు తనకి తెలీకుండానే తీర్పు చెప్పేస్తున్నాడు, ఆ తాడు ఉండాల్సిందా కాదా అని.

ఇప్పుడు ఆడవాళ్ళ గురించి మనం ఎట్లా మాట్లాడతామో చూడండి. "తిరిగి ఆడది చెడింది, తిరగక మగాడు చెడ్డాడు" అని సామెతే చేసి పెట్టుకున్నాం. స్వైరం అంటే తన ఇష్టప్రకారం నడవడం, అంతే, దాన్ని ఆడమనిషికి అంటించి స్వైరిణి అంటే తిట్టైపోయింది, మగాడికి అంత చెడ్డ జంట మాట జనం నోట్లో లేదు. రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు నుంచి స్కూటీ మీద వచ్చే అమ్మాయిని వీధిలో ఎవరో బరితెగించింది అన్నారనుకోండి, ఆ అమ్మాయి ఏ గీత దాటింది? ఎవరు గీసిన గీత అది? ఎవరి చేను మేసింది? ఏదీ లేదు. కాబట్టి బరితెగించడం, విచ్చలవిడి, స్వైరం, ఈ మూడూ ఒక ఆడమనిషి గురించి రాయబోతుంటే చెయ్యి ఆపి, అదే పని మగాడు చేస్తే ఇదే మాట రాసేవాడినా అని చూసుకోండి. రాయను అనిపిస్తే ఆ మాట తీసేయండి. నేను పాత పోస్టులు వెతికి వెతికి రెండుచోట్ల మార్చుకున్నా, అప్పుడు అట్లా రాసినందుకు బాధేసింది.

విచ్చలవిడి మాట పుట్టుకతో చెడ్డది కూడా కాదు. ఇచ్చలవిడి అనే రూపం కూడా ఉంది దానికి, ఇచ్చ అంటే ఇష్టం, పాత పద్యాల్లో తనిష్టంగా, హాయిగా అనే అర్థంలో వాడినవాళ్ళున్నారు. వాడగా వాడగా చెడ్డ పనుల పక్కనే నిలబెట్టి దానికి మరక అంటించాం. ఇప్పుడు ఆ మరక పోదు, నాలాంటోడు ఒక్కడు కడిగితే పోయేది కాదు, కాబట్టి కల్తీ మందుల అమ్మకానికో, చెట్లు నరకడానికో ఉంచుకుని మనుషుల జోలికి తేకుండా ఉంటే మంచిది.

నాలుగోది: పేపర్ మాట ఇంట్లోకి, ఇంటి మాట పేపర్లోకి వద్దు

ఇది త్వరగా చెప్పేస్తా. యథేచ్ఛగా అనే మాటని రోజూ పేపర్లో చూస్తుంటాం, యథేచ్ఛగా ఇసుక తవ్వకాలు, యథేచ్ఛగా చెరువు ఆక్రమణ. ఆపాల్సినవాళ్ళు చూస్తూ ఊరుకున్నారు అనే ఆరోపణ అందులో దాగుంది. స్పెల్లింగ్‌లో థ, యధేచ్ఛ అని ధ పెట్టి రాయకండి, యథా ప్లస్ ఇచ్ఛ అది. స్వైరవిహారం జంతువులకి స్థిరపడిపోయింది, వీధికుక్కల స్వైరవిహారం, పార్వతీపురం వైపు పలమనేరు వైపు ఏనుగులు పంటల మీద పడ్డప్పుడల్లా ఏనుగుల స్వైరవిహారం. ఇంట్లో మనం ఇవేవీ అనం, ఇష్టారాజ్యం అంటాం, "అడిగేవాళ్ళు లేక ఆడింది ఆట పాడింది పాట అయిపోయింది నీకు" అంటాం.

స్వచ్ఛందం గురించి ఒక మాట. 2014లో స్వచ్ఛ భారత్ వచ్చాక చాలామంది స్వచ్ఛందంలో శుభ్రత ఉందనుకుంటున్నారు, నేను స్వయంగా విన్నా. అది స్వ, ఛంద, తన ఇష్టం అని. భీష్ముడిది స్వచ్ఛంద మరణం, తను కోరుకున్నప్పుడే చావు వచ్చే వరం, అదే మాట ఇప్పుడు స్వచ్ఛంద పదవీ విరమణలో, స్వచ్ఛంద సంస్థల్లో ఉంది. ఎవరూ బలవంతపెట్టకుండా చేశాడు అని చెప్పాలంటే ఇది వాడండి, ఎవరూ ఆపకుండా చేశాడు అని చెప్పాలంటే ఇది పనికిరాదు.

స్వేచ్ఛ, స్వాతంత్ర్యం రెండూ ఒకటే అనుకోకండి. స్వేచ్ఛలో ఇచ్ఛ ఉంది, మనసు. స్వతంత్రంలో తంత్రం ఉంది, నడుపుకునే పద్ధతి. తన సంపాదనతో తను బతికే ఆవిడ స్వతంత్రురాలు, ఆవిడకి ఇంట్లో నచ్చిన కూర వండుకునే స్వేచ్ఛ లేకపోవచ్చు, అట్లాంటివాళ్ళని నేను చూశా. రాజ్యాంగం 19వ అధికరణం గురించి చెప్పేటప్పుడు వాక్ స్వాతంత్ర్యం, భావప్రకటన స్వేచ్ఛ అని రెండు మాటలూ వాడతాం, దాని వెంటే సమంజసమైన ఆంక్షలు కూడా ఉన్నాయి, అంటే అక్కడ కూడా ముడి ఉంది, జారుముడి.

ఐదోది: నోటితో ప్రాక్టీస్ చేయండి

ఏదైనా ఒక్క అవయవం తీసుకుని దాని చుట్టూ ఉన్న మాటలన్నీ పక్కపక్కన పెట్టి చూడటం నేర్చుకోడానికి మంచి పద్ధతి, పిల్లలకి ఇది ఆటలా ఉంటుంది, మా మేనకోడలికి బాగా నచ్చింది కూడా ఇదే. నోరు తీసుకోండి. నోటికొచ్చినట్టు మాట్లాడాడు అంటే ఆలోచన లేదు. నోరు పారేసుకున్నాడు అంటే విలువైనది పోగొట్టుకున్నాడు. నోరు జారాడు అంటే కావాలని అనలేదు, ఇది వాడితే మీరు అతని పక్షాన ఉన్నట్టు. నోరు విప్పాడు అంటే ఇన్నాళ్ళూ భయపడ్డాడు, ఇవాళ లేదు. నోరారా పిలిచాడు అంటే ప్రేమ. కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు అంటే నిజం, ఎవరికైనా నొప్పి కలిగితే కలిగింది. నిర్మొహమాటంగా చెప్పాడు అంటే ఎదుటివాళ్ళ మొహం చూసి వెనక్కి తగ్గలేదు, ఇందులో నొప్పించాలని ఉండదు. చూడండి, నోరు ఒక్కటే, ఏడు రకాల మనుషులు కనపడ్డారు.

నోరారా అన్నాను కదా, ఈ ఆరా కుటుంబం మొత్తం మన భాషలో నాకు అన్నిటికంటే ఇష్టం. మనసారా నవ్వడం, కళ్ళారా చూడటం, చెవులారా వినడం, కడుపారా తినడం. ఆరడం అంటే ఇక్కడ నిండటం, తృప్తి తీరడం. వీటిలో ఏ తాడూ లేదు, లేనిదాని గురించి మాటే లేదు, నిండిన దాని గురించే. అడ్డు లేకుండా చేయడాన్ని పొగడాలనుకుంటే ముందు ఇక్కడ వెతకండి. ఒక్కటే జాగ్రత్త, చేతులారా. "చేతులారా పెంచుకున్న బిడ్డ" అంటే ప్రేమే గానీ "చేతులారా చెడగొట్టుకున్నాడు" అనడానికే ఎక్కువ వాడుతున్నాం కాబట్టి ఊరికే చేతులారా చేశాడు అని వదిలేస్తే చదివేవాళ్ళు చెడే ఊహించుకుంటారు.

ఆటలకి వేరే మాటలున్నాయి. చెలరేగి ఆడాడు, రెచ్చిపోయాడు, వీరవిహారం చేశాడు, ఇవి క్రికెట్‌కి బ్రహ్మాండంగా కుదిరాయి. అదే చెలరేగడం అల్లర్లకీ మంటలకీ కూడా వాడతాం కాబట్టి ఎవరు, ఎక్కడ అనేది వాక్యంలో ముందే వచ్చేయాలి. వీరంగం మాత్రం ఆటగాడికి వద్దు, వీరభద్రుడి సంబరాల్లో కత్తి పట్టి ఆడేదానికి ఉన్న పేరు, దాన్ని తీసుకెళ్ళి రోడ్డు మీద తాగి అరిచేవాడికి తగిలించాం, ఇప్పుడు వార్తల్లో ఆ అర్థమే మిగిలింది.

ఆరోది: తాడు మాటలే కాకుండా హక్కు మాటలు కూడా నేర్చుకోండి

నేను ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చేదాకా నాకు తెలీని మాటలు ఇవి. బేఫికర్, దిగులు లేకుండా, "నేనున్న గదా, బేఫికర్‌గ పో" అంటే ఎంత ధైర్యమో. బరాబర్, తప్పకుండా, నాకు హక్కుంది కాబట్టి. ఇంకా బాజాప్తు. జనగామ దగ్గర ఒక ఊళ్ళో అంగడి రోజు, ఒక పెద్దావిడ సొరకాయలు, తోటకూర ముందేసుకుని కూర్చుంది, ఎవరో మగమనిషి బండి ఆపి ఇక్కడ కూసోకు, లెవ్వు అని గట్టిగా అంటున్నాడు. ఆవిడ లేవలేదు, గొంతు కూడా పెంచలేదు, తోటకూర మీద నీళ్ళు చిలకరిస్తూనే, "ఎందుకు లేస్త, తైబజారు కట్టిన, రసీదున్నది, బాజాప్తుగ కూసుంట" అంది. తైబజారు అంటే అంగడిలో కూర్చుని అమ్ముకోడానికి కట్టే రుసుము. కొంగుముడి విప్పి మడతలు పడ్డ చిన్న కాగితం తీసి సొరకాయల పక్కన పెట్టి దాని మీద తూకం రాయి పెట్టింది. అతను బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఉర్దూలో బాజాబ్తా అంటే రూల్ ప్రకారం, పద్ధతిగా అని. జనం నోట్లో అది దర్జాగా, బహిరంగంగా, ఎవరికీ భయపడకుండా అయింది. పైన మనం చూసిన తాడు మాటల్లో ఎక్కువ భాగం పద్ధతి లేదు కాబట్టి ఇష్టం వచ్చినట్టు చేశాడు అంటున్నాయి, ఇదొక్కటి పద్ధతి నా వైపుంది కాబట్టి నన్ను ఎవడూ ఆపలేడు అంటోంది. హక్కు కోసం గట్టిగా నిలబడ్డ మనిషి గురించి రాసేటప్పుడు తెగించి, బరితెగించి అని రాయకుండా బాజాప్తుగా, బరాబర్ అని రాయండి, ఆంధ్రా వైపు వాళ్ళు కూడా రాయండి, తెలుగు మాటలే ఇవి, పత్రికల్లో తక్కువ కనపడతాయి గానీ అంగడిలో రోజూ వినపడతాయి.

చివర్న ఒకసారి మార్చి మార్చి రాసి చూడండి

మీరు రాసిన వాక్యం పెట్టుకుని మాట ఒక్కటి మార్చుకుంటూ పైకి చదవండి, కళ్ళతో కాదు, నోటితో. పిల్లలు వానలో యథేచ్ఛగా ఆడుకున్నారు, ఎవరో కంప్లైంట్ ఇస్తున్నట్టుంది. పిల్లలు వానలో అడ్డూ అదుపూ లేకుండా ఆడుకున్నారు, పక్కన అమ్మ విసుక్కుంటోంది. పిల్లలు వానలో స్వేచ్ఛగా ఆడుకున్నారు, తప్పు లేదు గానీ కాపీ రాతలా ఉంది. పిల్లలు వానలో తనివితీరా ఆడుకున్నారు, ఇప్పుడు తడిసిన చొక్కాలు కనపడుతున్నాయి. పైకి చదివితే మీ చెవే చెప్తుంది, ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళకి వినిపించండి, వాళ్ళ మొహం ఎక్కడ మారిందో ఆ మాట తీసేయండి. ఏ మాటా కుదరకపోతే పెద్ద మాట కోసం పట్టుపట్టకండి, జరిగింది జరిగినట్టు చెప్పండి, ఏం చేయనిచ్చారో, దేన్నుంచి ఆపలేదో.

మూడో ఆదివారం మా మేనకోడలు పాత కాగితం పక్కన పెట్టి కొత్తది రాసింది. స్వేచ్ఛగా అని రాసి కొట్టేసింది, మనసారా అని రాసి కొట్టేసింది, దూడ కథ ఇంకోసారి చెప్పించుకుంది, జారుముడి ఎట్లా ఉంటుందో చూపించమంటే నా దగ్గర తాడు లేదని ఫోన్ చార్జర్ వైరుతో వేసి చూపించా. తర్వాత పెన్సిల్ కొరుకుతూ చాలాసేపు కూర్చుని, "మా అమ్మ నన్ను కట్టేయలేదు, నేను ఎంత దూరం ఆడుకున్నా చూస్తూనే ఉంటుంది" అని రాసింది. అక్క ఆ పేజీని ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది, నాయనమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివి, ఆ పిల్లకి వినపడేలా వాయిస్ మెసేజ్ పంపమని నా ఫోన్ లాక్కుంది.